సముదాయ బలాలే పునాదిగా భాగస్వామ్య రూపకల్పన పరిశోధన: లేపాక్షి పరిసర మెట్ట సేద్యం నుంచి కొన్ని పాఠాలు

ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని తిండివనం నుంచి 1940లో విడుదలైన టి.ఎం.వి.-2 వేరుశనగ రకం, ఆరు దశాబ్దాలు గడిచిన తరువాత కూడా ఉమ్మడి అనంతపురం జిల్లా చేలల్లో ప్రధాన రకంగానే కొనసాగింది. ఈ మధ్యకాలంలో అంతకంటే మేలైన రకాలు రాలేదనడానికి వీలులేదు. పరిశోధన స్థానాలు వరుసగా రకాలను విడుదల చేశాయి, ప్రదర్శన క్షేత్రాలు పెట్టాయి, చిరుసంచులు పంచాయి. అయినా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల రైతు మళ్లీ మళ్లీ పాత రకం దగ్గరికే వచ్చాడు. దీనికి విస్తరణ సాహిత్యంలో దీర్ఘకాలం వినిపించిన సమాధానం ఒక్కటే: రైతులకు అవగాహన లేదు.

ఈ సమాధానాన్ని పరీక్షించి చూడవలసి ఉంది. టి.ఎం.వి.-2 గింజ చిన్నది. ఎకరాకు పడే విత్తనం బరువు తక్కువ. వేరుశనగలో విత్తన వృద్ధి నిష్పత్తి స్వల్పం. వర్షాధారంలో ఒక ఎకరా పంట కొద్ది ఎకరాలకు మించి విత్తనమివ్వదు. అందువల్ల ఇంట దాచిన కాయే రైతుకు మూలధనం. దానిని వదులుకుని కొత్త రకానికి మారడమంటే అప్పు చేసి విత్తనం కొనడం, ఆ ఏడు వాన తప్పితే రెండూ పోవడం. పాత రకం కట్టె పశువు ఇష్టంగా తింటుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. వ్యాపారికి ఆ కాయ పరిచయం. ఇన్ని లెక్కలు వేసి తీసుకున్న నిర్ణయాన్ని అజ్ఞానమనడం శాస్త్రీయం కాదు. ఆ లెక్కలే పరిశోధనకు ముడిసరుకు కావాలన్నది భాగస్వామ్య రూపకల్పన పరిశోధన మూలసూత్రం. రకమైనా, పనిముట్టైనా, నీటి పంపక పద్ధతైనా, దానిని వాడబోయేవారు చివరి దశలో ఆమోదముద్ర వేసేవారుగా కాక, తొలి దశలో కొలబద్దలు నిర్ణయించేవారుగా ఉండాలని ఆ సూత్రం చెబుతుంది.

సమస్యల పట్టిక, బలాల పట్టిక

గ్రామసభలో పరిశోధకుడు అడిగే మొదటి ప్రశ్న సాధారణంగా "మీ సమస్యలేమిటి?" అన్నదే. వచ్చే జవాబులు కూడా ముందే తెలిసినవి: నీళ్లు లేవు, మంచి విత్తనం దొరకదు, అప్పు పుట్టదు, ధర రాదు. ఈ జవాబులు అబద్ధాలు కావు. కాని లేమిని ఏకరువు పెడితేనే పథకం వస్తుందని కొన్ని దశాబ్దాల అనుభవం పల్లెలకు నేర్పింది. ఆ ప్రశ్నకు ఆ జవాబే వస్తుంది. విస్తరణ విద్యా విభాగపు సిద్ధాంత గ్రంథాలను తిరగేస్తే, దాదాపు ప్రతిదాని చివరి అధ్యాయంలోనూ గారెట్ ర్యాంకింగుతో అమర్చిన ప్రతిబంధకాల పట్టిక కనిపిస్తుంది. అదే రైతుల వద్ద ఉన్న బలాల పట్టిక ఎన్ని గ్రంథాలలో ఉన్నదో లెక్కించడానికి ఎక్కువ సేపు పట్టదు.

అమెరికాలో జాన్ క్రెట్జ్‌మన్, జాన్ మెక్‌నైట్ 1993లో వెలువరించిన గ్రంథం ఈ దృష్టిని తలకిందులు చేసింది. పేద పేటలను లేమి పటాలుగా చూపే బదులు, అక్కడి మనుషుల నైపుణ్యాలు, సంఘాలు, సంస్థలు, స్థలాలు లెక్కకట్టి, అభివృద్ధిని అక్కడి నుంచి మొదలుపెట్టాలని వారు ప్రతిపాదించారు. వ్యవసాయంలో ఈ ఆలోచన అంతకు ముందే వేళ్లూనింది. రాబర్ట్ ఛాంబర్స్, మరి ఇద్దరు కలిసి 1989లో సంకలనం చేసిన గ్రంథం 'రైతే ముందు' అనే భావనను స్థిరపరచింది. నేల మీద ముగ్గుపిండితో గీసే గ్రామ పటాలు, చింతగింజలతో వేసే మార్కులు మన దేశంలో విస్తృతంగా వ్యాప్తిలోకి వచ్చినది ఆ తరువాతి సంవత్సరాలలోనే. అయితే పద్ధతులు వ్యాపించినంత వేగంగా దృష్టి మారలేదు. ముగ్గుపిండి పటంలో కూడా ఎండిన బోరుబావులనే గుర్తించి వెనుదిరిగిన బృందాలు తక్కువ కాదు.

లేపాక్షి చేలల్లో ఉన్నదేమిటి

ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి రుతుపవనాలకు ఇది వర్షచ్ఛాయా ప్రాంతం. ఈశాన్య రుతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. లోతు తక్కువైన ఎర్ర ఇసుక నేలలు తేమను కొద్ది రోజులకు మించి పట్టి ఉంచలేవు. లేమి పటం గీయదలచినవారికి ఇంతకంటే అనువైన ప్రదేశం దొరకదు. అదే ప్రాంతాన్ని రెండవ ప్రశ్నతో, అంటే "ఇంత తక్కువ వానలో ఇన్ని తరాలు ఎలా పండించారు?" అని అడుగుతూ నడిస్తే మరొక పటం తయారవుతుంది.

మొదటిది కాలజ్ఞానం. రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు అంటూ కార్తెల వారీగా ఏ వానకు ఏ పంట వేయాలో, ఏ కార్తె దాటితే వేరుశనగ మానుకుని కొర్రకో ఉలవకో మారాలో రైతుకు తెలుసు. ప్రణాళికా పత్రాలలో 'ఆపత్కాల పంటల ప్రణాళిక' అని రాసేదానికి ఇది మౌఖిక రూపం. గుప్పెట మట్టి పిసికి పదును తేల్చడం తేమ కొలిచే పరికరంతో సమానం కాకపోవచ్చు. కాని విత్తే నిర్ణయం తీసుకునేది ఆ గుప్పెటే.

రెండవది సాళ్ల అమరిక. వేరుశనగలో కొన్ని సాళ్లకొకసారి కంది, అలసంద, అనుము, ఆముదం, జొన్న కలిపి వేసే ఆచారం ఇక్కడ పాతది. దీనినే కన్నడ సరిహద్దు పల్లెలు అక్కడి సాళ్లంటాయి. పరిశోధన స్థానాలు వేరుశనగ, కంది 7:1, 11:1 నిష్పత్తుల్లో సిఫారసు చేసినప్పుడు, రైతుకు అది కొత్త భావన కాలేదు, తన పద్ధతికి ఒక సవరణ అయింది. సవరణగా వచ్చినదానిని అంగీకరించడం సులువు. మూడవది పనిముట్లు: గొర్రు, గుంటక, వాటిని ఊళ్లోనే సరిచేయగల వడ్రంగి, కమ్మరి. కొత్త విత్తన యంత్రం చెడిపోతే హిందూపురం దాకా మోసుకుపోవలసి వస్తే, అది పదును ఉన్న రెండు మూడు రోజుల్లో పనికిరాని యంత్రమే. సాళ్ల మధ్య దూరం, గింజ పడే లోతు వంటి కొలతలు చర్చించే రూపకల్పన బృందంలో ఊరి కమ్మరికి కూడా చోటుండాలి.

నాలుగవది పశువులు, వాటి చుట్టూ అల్లుకున్న ఒప్పందాలు. కోత అయిన చేలో గొర్రెల మంద తోలించుకోవడం, ఎరువుకు ప్రతిగా కాపరికి ఇచ్చే గింజలు, వామి వేసుకున్న కట్టె. ఐదవది ముయ్యి: ఒకరి చేలో ఒకరు పనిచేసి తీర్చుకునే శ్రమ బదులు. విత్తుకు, కలుపుకు డబ్బు కూలి లేకుండా నడిచే ఈ ఏర్పాటును ఏ సాగు ఖర్చుల పట్టికా లెక్కించదు. పట్టుపురుగుల పెంపకం ఉన్న పల్లెల్లో గూళ్లు కట్టే చంద్రికలను అద్దెకో బదులుకో ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఇటువంటిదే. కొత్త రకం చంద్రికను ప్రవేశపెట్టేటప్పుడు దాని ధరతోపాటు, దానిని పంచుకోగలరా అన్న ప్రశ్న కూడా రూపకల్పనలో భాగం కావాలి.

జలజ్ఞానం విషయంలో ఈ ప్రాంతం ఒక అరుదైన దాఖలా కలిగి ఉంది. పెనుకొండకు నీటి కొరత తీర్చడానికి పెన్నేటి నీటిని కాలువ ద్వారా సిరువేర చెరువుకు మళ్లించిన సింగయభట్టు అనే జలసూత్రజ్ఞుని గురించి 1388 నాటి శాసనం చెబుతుంది. లేపాక్షి ఆలయం వెలియడానికి శతాబ్దంపైగా ముందే ఈ నేల మీద నీటి రూపకల్పన ఒక గౌరవనీయమైన విద్య అన్నమాట. ఆ విద్యకు వారసులుగా చెరువు తూము దగ్గర నీరు పంచిన నీరుగంట్లను ఆధునిక నీటి సంఘాలు ఎంతవరకు కలుపుకున్నాయన్నది వేరే పరిశోధనకు తగిన విషయం.

రైతుల కొలబద్దతో రకం ఎంపిక

ఈ ప్రాంతంలో భాగస్వామ్య పరిశోధన ఫలితమిచ్చిన స్పష్టమైన సందర్భం వేరుశనగదే. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు స్థానిక సంస్థలతో కలిసి 2000 దశకం తొలి సంవత్సరాలలో అనంతపురం జిల్లా పల్లెల్లో రైతుల భాగస్వామ్యంతో రకాల ఎంపిక చేపట్టారు. అనేక రకాలను రైతుల చేలల్లోనే, వారి యాజమాన్యంలోనే, టి.ఎం.వి.-2 పక్కన వేసి పోల్చారు. రైతులు ఎంచినది ఐ.సి.జి.వి. 91114. ఖరీఫ్‌లో 90 నుంచి 95 రోజుల్లో కోతకు వచ్చి, నడిమి, చివరి బెట్టలను తట్టుకోగల ఈ రకం 2006లో రాష్ట్రంలో విడుదలైంది.

విద్యార్థులు ఇక్కడ గమనించవలసినది రకం పేరు కంటే ఎంపిక కారణాలు. మామూలు రకాల పరీక్షా పత్రంలో కాయ దిగుబడి, గింజ శాతం, నూనె శాతం, వంద గింజల బరువు ఉంటాయి. రైతులు చెప్పిన కొలబద్దల్లో ఇవి ఉన్నాయి. వీటితోపాటు కాయలన్నీ ఒకేసారి పక్వానికి రావడం, బెట్టలో మొక్క నిలబడడం, కాయ చూడడానికి అందంగా ఉండడం, కట్టెను పశువు ఇష్టంగా తినడం కూడా ఉన్నాయి. ఈ చివరి అంశం ఇంటి ఆడవారి నోట ముందుగా రావడంలో ఆశ్చర్యం ఉండదు, పాడి చూసేది వారు కాబట్టి. ఈ రకం కట్టె మేసిన పశువుల పాల దిగుబడి సుమారు 11 శాతం పెరిగినట్లు తరువాతి మేపు పరీక్షలు నమోదు చేశాయి. తరువాతి ఆర్థిక అధ్యయనం ఈ రకానికి టి.ఎం.వి.-2 కంటే 23 శాతం అధిక దిగుబడిని, ఏటేటా దిగుబడిలో వచ్చే హెచ్చుతగ్గుల్లో 30 శాతం తగ్గుదలను చూపింది. మెట్ట రైతుకు రెండవ అంకె మొదటిదానికంటే విలువైనది కావచ్చు. సగటు పెరిగినా, ఒక్క కరువు ఏడు విత్తనం కూడా మిగలకపోతే ఆ సగటుతో పనిలేదు.

ఇందులో సముదాయ బలం ఎక్కడ పనిచేసింది? పశువును, పంటను, సంతను ఒకే చూపుతో అంచనా వేయగల శక్తి రైతు కుటుంబానికి ఉంది. శాఖలుగా విడిపోయిన పరిశోధనకు అది లేదు. వేరుశనగ ప్రజననవేత్త కాయను చూస్తాడు, పశుపోషణ శాస్త్రవేత్త కట్టెను చూస్తాడు. ఆ రెంటినీ ఒకే పట్టికలోకి తెచ్చినది రైతుల మార్కులు. భాగస్వామ్యం అనే మాటకు ఇంతకు మించిన నిర్వచనం అవసరం లేదు: పట్టికలోని నిలువు వరుసలకు పేర్లు పెట్టినది ఎవరు?

కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన కె-1812 రకానికి ఇటీవల 'కదిరి లేపాక్షి' అని నామకరణం జరిగింది. ఊరి పేరు రకానికి రావడం సంతోషకరమే. ఆ ఊరి కొలబద్దలు కూడా పరీక్షా పత్రంలోకి వస్తే సంతోషం సంపూర్ణమవుతుంది.

రైతుకు కనిపించనిది

బలాల గురించి మాట్లాడేటప్పుడు ఒక ప్రమాదం ఉంది: సంప్రదాయ జ్ఞానం అన్నింటికీ సరిపోతుందనే భావుకత. దానికి విరుగుడు 2000 ఖరీఫ్. ఆ సంవత్సరం అనంతపురం జిల్లాలో సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో వేరుశనగ పైరు చివుళ్లు మాడి, కాండం నల్లబడి చనిపోయింది; నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. రైతుల అనుభవంలో ఇటువంటిది లేదు. పరిశోధన తేల్చినది ఇది: కారకం పొగాకు స్ట్రీక్ వైరస్. గట్ల మీద, బీళ్లలో పెరిగిన వయ్యారిభామ పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని మోసుకువచ్చి ఆకులను గీరినప్పుడు అది పైరులోకి చేరుతుంది. కలుపు మొక్క, పుప్పొడి, పురుగు, వైరస్ అనే ఈ గొలుసు కంటికి కనిపించేది కాదు. ప్రయోగశాల లేకుండా ఎంతమంది వృద్ధ రైతులను కూర్చోబెట్టినా బయటపడేది కాదు.

అయితే పరిష్కారం మళ్లీ ఊరి బలాల మీదనే నిలబడింది. పూత రాకముందే వయ్యారిభామను పీకివేయడం ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు, ఎందుకంటే పక్క బీడులోని పుప్పొడి గాలికి వస్తుంది. అది ఊరుమ్మడి పని. పొలం చుట్టూ జొన్న గాని, సజ్జ గాని కొన్ని వరుసలు అడ్డుగా విత్తాలన్న సిఫారసు, జొన్న సాళ్లు విడిచే పాత అలవాటుకు పొడిగింపుగా చెప్పదగినది. శాస్త్రం కారణాన్ని ఇచ్చింది. సముదాయం అమలు చేసే యంత్రాంగాన్ని ఇవ్వగలదు. రెండింటి వాటా వేరువేరని స్పష్టంగా చెప్పడమే ఉభయులకూ గౌరవం.

నీటి లెక్క రైతు చేతికి

భూగర్భ జల విషయంలో ఇదే సూత్రాన్ని విస్తృతంగా పరీక్షించిన ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహిత భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, స్వచ్ఛంద సంస్థల ద్వారా, అనంతపురంతో సహా కరువు పీడిత జిల్లాలు ఏడింటిలో, 638 గ్రామాలలో 2000 దశకంలో ఇది నడిచింది. రైతులే వర్షమాపకం చదివారు; ఎంపిక చేసిన బోరుబావుల్లో నీటిమట్టం కొలిచారు; రబీకి ముందు అందరూ కూడి, భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్కకట్టారు. ఎవరు ఏ పంట వేయాలో ప్రాజెక్టు ఆదేశించలేదు. పంట మార్చినందుకు డబ్బు ఇవ్వలేదు. గోడమీద రాసిన నీటి లెక్క చూసి వరి తగ్గించుకోవడం, తక్కువ నీటి పంటకు మారడం రైతు తన లాభనష్టాలు చూసుకుని తీసుకున్న నిర్ణయమే.

అప్పటిదాకా భూగర్భ జల శాఖ దస్త్రాల్లో ఉండే సంఖ్యలు ఇక్కడ ఊరి ఆస్తి అయ్యాయి. బోరు యజమానికి తన బోరు ప్రవర్తన తెలుసు, పక్కవాని బోరు తెలియదు. విడివిడిగా ఉన్న ఈ జ్ఞానాన్ని ఒకచోట పోగుచేసే పద్ధతినే ప్రాజెక్టు రూపొందించింది. దీని బలహీనత కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. ప్రాజెక్టు ముగిసిన తరువాత పలుచోట్ల కొలతలు తీయడం సన్నగిల్లిందని అనంతర అధ్యయనాలు గుర్తించాయి. కొలతలు తీసే సంఘం ప్రాజెక్టు కోసం పుట్టినదా, అంతకు ముందే ఊళ్లో ఉన్నదా అన్న ప్రశ్న ఇక్కడ కీలకం. ఉన్న సంఘానికి కొత్త పని అప్పగించడం కంటే కొత్త సంఘాన్ని పుట్టించడం నివేదికకు తేలిక, నిలకడకు కష్టం.

ఎవరి బలం, ఎవరి పటం

సముదాయం అనేది ఒకే ముద్ద కాదు. బోరు ఉన్నవారు, లేనివారు, పట్టాదారులు, కౌలుదారులు, మంద ఉన్నవారు, మంద వెంట నడిచే కూలీలు. సభలో ముందు వరుసలో కూర్చున్నవారి బలాలే పటంలోకి ఎక్కితే, రూపకల్పన వారికే అనువుగా తయారవుతుంది. అందుకే స్త్రీలతో, కౌలు రైతులతో, కాపరులతో వేరువేరుగా మార్కులు వేయించి, ఆ పట్టికలను కలపకుండా పక్కపక్కనే ప్రచురించడం మంచి పద్ధతి. సగటు తీసినప్పుడు మొదట మాయమయ్యేది తక్కువమంది మాటే.

ప్రభుత్వ దస్త్రం ఒక నేలను 'బంజరు' అని రాస్తే అక్కడ బలమేదీ లేదని అర్థం వస్తుంది. చెన్నేకొత్తపల్లిలో 1990లో ప్రారంభమైన టింబక్టు కలెక్టివ్, ముష్టికోవిల పరిసర గ్రామస్థులతో కలిసి ఇటువంటి వేల ఎకరాల గుట్టలను కాపాడింది. కావలి పెట్టుకుని, నిప్పు పడకుండా పట్టీలు తీసి, మేత, ఈతచెట్లు, వాగుల్లో నీరు తిరిగి రప్పించిన ఆ నేలకే కల్పవల్లి అని పేరు. రికార్డులో మాత్రం అది బంజరుగానే మిగిలింది. అందువల్లనే 2010 ప్రాంతంలో గాలిమరల కోసం గుట్టల మీదుగా రోడ్లు వేయడానికి అడ్డు లేకపోయింది. పునరుత్పాదక విద్యుత్తు అవసరాన్ని ఎవరూ కాదనరు. గుట్ట మీద రెండు దశాబ్దాల శ్రమ ఉందని చూపే గడి ఆ దరఖాస్తు పత్రంలో లేదన్నదే ఇక్కడి విషయం. బలాల పటం గీయడం సభామర్యాద కోసం చేసే కసరత్తు కాదని, ఆస్తి నమోదుతో సమానమైన పని అని ఈ ఉదంతం తెలుపుతుంది.

విత్తన విషయంలో చట్టం కొంత వెసులుబాటు ఇస్తోంది. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 ప్రకారం రైతులు తమ రకాలను నమోదు చేసుకోవచ్చు. భాగస్వామ్య ఎంపికలో రైతులు గుర్తించిన రకం విడుదలైనప్పుడు, ఆ గ్రామాల పేర్లు విడుదల ప్రతిపాదనలో నమోదు కావడానికి ఏ నిబంధనా అడ్డు రాదు.

క్షేత్రంలో ఆచరణ

పరిశోధన చేపట్టే విద్యార్థి తొలి పర్యటనలో ప్రశ్నావళి లేకుండా వెళ్లడం మేలు. ఒక వ్యవసాయ సంవత్సరాన్ని కార్తెల వారీగా చెప్పించుకుని, ప్రతి దశలో ఎవరి సాయంతో, ఏ పనిముట్టుతో, ఏ విత్తనంతో నడిచిందో రాసుకుంటే బలాల పట్టిక తనంతట తాను తయారవుతుంది. కొలబద్దలను రకాలు చూపించక ముందే చెప్పించుకోవాలి. చూపించిన తరువాత అడిగితే, చూసినదానికి తగిన కొలబద్దలే వస్తాయి. ఊరికొక పూర్తి స్థాయి పోలిక క్షేత్రం, దాని చుట్టూ రైతుకు రెండు మూడు రకాలు మాత్రమే ఉండే చిన్న మడులు వేసే తల్లీపిల్లల క్షేత్ర పద్ధతి మెట్ట ప్రాంతాలకు అనువైనది. ఆఫ్రికాలోని మలావిలో 1990 దశకంలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో, తల్లి క్షేత్రం గణాంక విశ్లేషణకు, పిల్ల మడులు రైతు తీర్పుకు ఉపకరిస్తాయి. పిల్ల మడుల మధ్య కనిపించే వ్యత్యాసాన్ని దోషంగా భావించి తొలగించరాదు. ఏ నేలలో, ఎవరి చేతిలో ఏ రకం నిలిచిందో చెప్పే సమాచారం ఆ వ్యత్యాసంలోనే ఉంటుంది.

కోత రోజు కాయతోపాటు కట్టెను కూడా తూచాలి. తూకానికి పశువులు చూసే స్త్రీలను పిలవాలి. ఫలితాల పట్టికను తెలుగులో, పెద్ద అక్షరాలతో, మరుసటి సంవత్సరం రోహిణి కార్తెకు ముందే ఊళ్లో చదివి వినిపించాలి. ఆ తరువాత చదివితే విత్తన నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటుంది.